ఎత్తి చూడకూడని కట్టు

ఆమెని ఆంబులెన్స్ స్టేషన్‌లో అందరూ హడావిడి సిస్టర్ అంటారు. ఊరికే అనరు లెండి, టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునే రకం. అలాంటి మనిషి చేతికి ఆ పూట పరీక్ష అప్పగించారు!

వెనక గదిలో బల్ల మీద పెద్ద మాంసం ముక్క, దానికి లోతుగా ఒక గాటు. గాటు అడుగున దూర్చిన రబ్బరు గొట్టంలోంచి, కసాయి కొట్టు నుంచి అప్పుడే తెచ్చిన నెత్తురు తన్నుకొస్తుంది. దాన్ని ఏ కట్టు బాగా ఆపుతుందో తేల్చాలి. ఒకటి బండ్లలో ఏళ్ల తరబడి వాడుతున్న మామూలు గుడ్డ కట్టు. రెండోది నెత్తుర్ని గడ్డకట్టించే పొడి అద్దిన కొత్త కట్టు. ఆ కొత్తది ల్యాబులో తిండీ నిద్రా మానుకుని తయారు చేసింది ఎవరో కాదు, సిస్టర్‌కి సొంత వదిన. ఇవాళ గెలిస్తే అది ప్రతి బండిలోకీ ఎక్కుతుంది. ఓడితే ల్యాబు వాళ్లు మూలన పడేస్తారు.

ఓడిపోతోంది! సిస్టర్ రెండుసార్లు నొక్కిపెడితే రెండుసార్లూ బుడబుడమని కారింది. దానికన్నా పాతదే నయమనిపించింది.

"మా ల్యాబులో చక్కగా ఆగింది కదే," అంది వదిన.

"ఇంకేముంది, పాతదే ఖాయం," అంటూ స్టేషన్ ఇన్‌ఛార్జి లేచాడు.

సిస్టర్‌కి అప్పుడు తట్టింది. పాత కట్టు నొక్కేటప్పుడు తను కిటికీ బయటున్న డ్రైవరుతో కబుర్లాడుతూ ఉండిపోయింది. మరి వదిన కట్టు నొక్కేటప్పుడో? ఆగిందా, ఆగిందా అని ఆత్రం పట్టలేక మాటిమాటికీ చాటుగా అంచు లేపి చూసింది. గడ్డకట్టబోతున్న నెత్తుర్ని తన వేళ్లతోనే చెడగొట్టింది. అయ్యో, ఎంత పని చేశాను!

"ఆగండి సార్! తప్పు నాది. వదినది కదా అని ఎత్తెత్తి చూశాను. ఇంకొక్కసారి పెట్టండి!"

"ఎత్తావా?" వదిన కళ్లు చింతనిప్పులయ్యాయి. "టైమరు గంట మోగేదాకా కదపొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదే!"

"తిట్టు వదినా, ఎంతైనా తిట్టు. కాకపోతే కాసేపాగి తిట్టు."

ఇన్‌ఛార్జి ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "మీ వదినా ఆడపడుచుల గొడవ నాకెందుకు? ఈసారి నేనే నొక్కుతా."

నెత్తురు వదిలారు. ఆయన కొత్త కట్టు గాటులోకి కూరి, రెండు చేతులతో అదిమిపట్టాడు. సిస్టర్ తన చేతులు వెనక్కి కట్టుకుంది, లేకపోతే అవి మాట వినవు. కాసేపటికి ఆ పెద్దమనిషి వేలు మెల్లగా అంచు కిందికి పాకింది.

"ఎత్తకండి!" ఇద్దరూ ఒక్కసారే కేకేశారు. సిస్టర్ ఆయన చేతి మీద ఒక్కటి వేసింది కూడా. ఉద్యోగం సంగతి అప్పుడు గుర్తుంటేగా!

"చూడకుండా ఉండటం ఇంత కష్టమా తల్లీ!" అన్నాడాయన, చెవులు ఎర్రబడి.

గంట మోగింది. ఆయన చేతులు తీశాడు. పైకి ఒక్క చుక్క రాలేదు. నెత్తురు ఇంకా జోరుగా వదలమన్నాడు. వదిలారు. అయినా రాలేదు! సిస్టర్ ఎగిరి గంతేసింది. వదిన గోడకి ఆనుకుని ఏడుస్తూనే నవ్వుతోంది.

"అన్ని బండ్లలోనూ పెడదాం," అన్నాడు ఇన్‌ఛార్జి. "కానీ ఎత్తి చూడకుండా నొక్కడం మనవాళ్లకి నేర్పేదెవరు?"

"నేను!" అంది సిస్టర్.

"నువ్వా?"

"నేనే. ఎత్తితే ఏమవుతుందో ఇక్కడ నాకన్నా బాగా ఎవరికి తెలుసు సార్?"

వదిన వచ్చి ఆమె నెత్తిన ఠపీమని ఒక మొట్టికాయ వేసి, ఆ వెంటనే గట్టిగా వాటేసుకుంది.