చెమ్మ పట్టిన అద్దాలు

నేను ఒక మిఠాయి కొట్టు అద్దాల బీరువాను. ఒళ్ళు టేకు, ముఖం గాజు, వీపున పక్కకి జరిగే రెండు తలుపులు. పొడవు చెప్పమంటే, ఒక మనిషి కాళ్ళు బారజాపుకుని నాలో పడుకోవచ్చు. ఇప్పుడు నా కడుపులో లడ్డూలు లేవు. మట్టి ఉంది, నాచు ఉంది, ఒక వాగు ఉంది. నవ్వితే నవ్వండి గానీ, కథంతా విన్నాక నవ్వండి.

నన్ను చేయించినవాడు కొవ్వూరు బజారులో మిఠాయి కొట్టు పెట్టిన బంగారయ్య. గోదావరి అవతల రాజమండ్రిలో ఎవరిదో పాత మేడ పడగొడుతుంటే ఆ టేకు దూలాలు కొని తెచ్చి, వడ్రంగికి అప్పగించి ఒకే ఒక్క మాట చెప్పాడు. "అందం నువ్వెంత పెడితే అంతే గానీ, చెమ్మ మాత్రం దూరకూడదయ్యా. చెమ్మ దూరిందా, నా కొంప మునిగిందన్నమాటే." వడ్రంగి ఆ మాట మనసులో పెట్టుకుని నా కీళ్ళు ఎంత బిగువుగా బిగించాడంటే, చీమ నాలోకి రావాలన్నా ఎవరో ఒకరు తలుపు తీసేదాకా కాచుకోవలసిందే.

ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నేతి వాసన వేస్తుంది. పై అరలో మైసూరుపాకం, నడిమి అరలో కజ్జికాయలు, కింద అరలో బూందీ లడ్డూలు. పిల్లలు నా అద్దానికి ముక్కులు ఆనించి ఊపిరి పీల్చుకునేవారు. పెళ్ళివారు రుచి చూస్తామని ముక్క ముక్క తిని, కడుపు నిండాక "మా బావగార్ని కనుక్కుని చెబుతామండీ" అని చక్కాపోయేవారు. షుగరు ఉన్న పెద్దమనుషులు మనవడికని కొని, వీధి మలుపు తిరక్కముందే పొట్లం విప్పేవారు. అన్నీ చూశాను. ఒక్కరి గుట్టూ బయట పెట్టలేదు.

బంగారయ్య తరువాత కొట్టు ఆయన కొడుకు గవర్రాజుకి వచ్చింది. తండ్రి అలవాట్లు కూడా వచ్చాయి. తెల్లారగానే నా తలుపులు బార్లా తీసేవాడు. పొడి తుండుతో లోపలి అద్దాలు తుడిచేవాడు. మూలన గుల్లసున్నం మూట కొత్తది కట్టేవాడు. గుల్లసున్నం గాలిలోని చెమ్మ పీల్చుకుంటుంది కదా, మిఠాయి మెత్తబడదు. అద్దం మీద మసక కనిపిస్తే చాలు, దొంగ దూరినంత కంగారు పడేవాడు. ఒకరకంగా అతను నన్ను సాకాడనే చెప్పాలి.

ఎదురుగా చల్లటి గదిలో కేకులమ్మే బేకరీ వెలిసింది. జనం అటు తిరిగారు. కొన్నాళ్ళు ఓపిక పట్టి, గవర్రాజు కొట్టు మూసేశాడు. సామానంతా అమ్మాడు గానీ, పాకం కాచే పెద్ద ఇత్తడి బేసినునీ నన్నూ మాత్రం అమ్మబుద్ధి కాలేదు. తాళ్ళు కట్టి నన్ను వాళ్ళుండే మేడమీది వాటాకి ఎక్కించారు. అక్కడ స్టీలు గిన్నెలు, పాత దుప్పట్లు నాలో సర్దారు. మైసూరుపాకం మోసిన ఒంటికి దుప్పట్లు! ఏం చేస్తాం, పెద్దతనం.

నన్ను మళ్ళీ మనిషిని చేసింది గవర్రాజు భార్య లోవకుమారి. ఆమె పుట్టిల్లు గోదావరికి ఎగువన, కొండల్లో, చింతలగొంది. ఆ ఊరి వెనకాలే ఊటవాగు. ఆనకట్ట నీళ్ళకి ఊరు మునుగుతుందని అందరినీ లేపి, మైదానంలో కట్టిన కాలనీకి తరలించారు. లోవకుమారి తల్లి నాగాయమ్మ కూడా కొడుకుతో అక్కడికి చేరింది. చేరిన దగ్గర్నుంచీ గోడకేసి తిరిగి కూర్చోవడమే. పిలిస్తే పలకదు, పెడితే తినదు.

నాగాయమ్మకి ఆ ఊళ్ళో ఒక పెద్దరికం ఉండేది. ఊటవాగు ఒడ్డున బొటనవేలి గోరంత కప్పలు ఉంటాయి. తొలకరికి అవి అరిచాకే చింతలగొందిలో విత్తనాలు నానబెడతారు. అరిచింది ఆ కప్పో మరో కప్పో తేల్చి చెప్పవలసింది నాగాయమ్మ. వాగు గట్టున నిలబడి, చెవి ఒగ్గి, ఊరంతటికీ వినబడేలా "కప్ప పిలిచింది!" అని కేకేస్తే అప్పుడు ప్రతి ఇంట్లోనూ విత్తనం నీళ్ళలో పడేది. కాలనీలో ఆ కేకతో ఎవరికీ పని లేదు.

"మా అమ్మ ఇలాగే ఉంటే ఈ ఏడు దాటదండీ," అంది లోవకుమారి ఒకరోజు నా ముందు నిలబడి, మొగుడితో. "ఊరెలాగూ పోతంది. ఆ వాగొడ్డు ఓ దోసెడన్నా దక్కించి, అమ్మకి సూపిత్తాను." ఫోన్లో ఎవరో గాజు పెట్టెలో చిన్న అడవి పెంచడం చూసిందట. దాన్ని వైవేరియం అంటారట. కొత్త పెట్టె కొనాలంటే తాహతు చాలదు. అందుకని ఆమె చూపు నా మీద పడింది.

గవర్రాజు అదిరిపడ్డాడు. "ఒసే లోవా! లచ్చిందేవి కూకున్న చోటే అది. అందులో మట్టి పోత్తావా?"

"లచ్చిందేవి లేచెళ్ళి చానాళ్ళయింది కదండీ. ఖాళీగా ఉన్న చోట మా వాగు కూకుంటే మీకేటి కట్టం?"

గవర్రాజు తనే గిన్నెలు దించాడు. ఆ పూటే దుప్పట్లు దిగిపోయాయి.

ఎంత తక్కువ ఖర్చుతో నన్ను అడవిని చేశారో చెబితే మీరు నమ్మరు. ఎన్నికల్లో కట్టిన ఫ్లెక్సీ ఒకటి తెచ్చి, నీళ్ళు కారకుండా నా అడుగున తిరగేసి పరిచారు. చేతులు జోడించిన ఓ నాయకుడు ఇప్పటికీ నా మట్టి కింద వినయంగా పడుకుని ఉన్నాడు. ఆయన మీద పగిలిన పెంకులు, నీళ్ళు దిగి నిలవడానికి. పెంకుల మీద కొట్టు పొయ్యిలో మిగిలిన బొగ్గులు. మట్టి కిందికి జారకుండా పైన దోమల మెష్. ఆ మెష్ కత్తిరించడంలో గవర్రాజు ఒక మూల కురచ చేశాడు. "ఏం కాదులెద్దూ," అని మట్టి కప్పేశాడు. ఈ కురచ మూలని గుర్తుపెట్టుకోండి. వెనక తలుపు లోపలివైపు కొబ్బరిపీచు పట్టా అంటించారు. మూలపడిన కూలరులోంచి మోటారు పీకి, నీళ్ళు పైనించి రాళ్ళ మీదుగా సన్నగా జారేలా అమర్చారు. కొట్టులోని ట్యూబులైటే నాకు సూర్యుడు.

చింతలగొందికి ఆఖరిసారి వెళ్ళినప్పుడు లోవకుమారి గోనెసంచుల్లో వాగొడ్డు తెచ్చింది. పెళ్ళగించిన నాచు, రాతి సందుల్లో పెరిగే దారప్పోగులంత సన్నటి ఫెర్ను మొక్కలు, ఒక మద్ది వేరు, నున్నటి రాళ్ళు. తడి చేతులతో ఒక్కొక్కటే నాలో పెడుతూ, "ఇది బట్టలుతికే బండ పక్కది, ఇది మా నాన్న తానమాడే చోటుది," అని తనలో తాను చెప్పుకుంది. కన్నీళ్ళు తుడుచుకునే తీరిక కూడా లేదు పాపం. కొన్నాళ్ళకి నాచు వేళ్ళు పట్టింది, ఫెర్నులు చుట్టలు విప్పాయి, పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చెమ్మ ఎరగని నా అద్దాలకి లోపల్నించి మంచు పట్టింది. భలే హాయిగా ఉంది. ఇన్నేళ్ళూ ఈ సుఖానికేనా తలుపు మూసుకుని కూర్చున్నాను అనిపించింది.

ఇంకో సంగతి. నాచుతో పాటు ఒక చిట్టి కప్ప కూడా వచ్చింది. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అంతలో కాలనీ నుంచి కబురొచ్చింది, నాగాయమ్మకి జ్వరమని. లోవకుమారి హడావిడిగా బయల్దేరుతూ, "జాగర్తగా సూసుకోండి, అమ్మకి నెమ్మదించగానే తీసుకొచ్చి సూపిత్తాను," అని మొగుడికి అప్పగించింది.

గవర్రాజు జాగ్రత్తగానే చూసుకున్నాడు. అదే వచ్చిన చిక్కు. తెల్లారి లేచి నన్ను చూడగానే, అద్దాల మీద చెమ్మ! "అయ్యబాబోయ్, మెత్తబడిపోతాయి," అని నా తలుపులు బార్లా తీశాడు. పొడి తుండుతో అద్దాలు తళతళలాడేలా తుడిచాడు. మర్నాడు మళ్ళీ చెమ్మ, మళ్ళీ తుండు. చివరికి మోటారు ఆపేసి, బజారుకెళ్ళి గుల్లసున్నం తెచ్చి, నాన్న కట్టినట్టే మూట కట్టి నా మూలన వేలాడదీశాడు. ఎండాకాలం వడగాలి ఒక పక్క, సున్నం ఇంకో పక్క. నాచు చిట్లింది. ఫెర్నులు ముడుచుకున్నాయి. అతను ఆకులు ఎర్రబడటం చూసి, ఇంకా ఎక్కడో చెమ్మ మిగిలిందనుకుని మరింత శ్రద్ధగా తుడిచాడు. వద్దురా నాయనా అని మొత్తుకున్నాను. బీరువా మాట ఎవరికి వినబడుతుంది?

కప్ప మాత్రం తెలివైనది. మట్టి తొలుచుకుంటూ, ఆ కురచ మూల దగ్గర మెష్ దాటి, పెంకుల కింద మిగిలిన తడిలోకి దిగిపోయింది.

లోవకుమారి తల్లిని తీసుకుని వచ్చింది. నాగాయమ్మ చిక్కిపోయి ఉంది. చంకలో ఒక ఎండిన ఆనపబుర్ర, దాని మూతికి గుడ్డ. ఎవరడిగినా ఇవ్వదు. అందులో మందులున్నాయనుకున్నాడు గవర్రాజు. "రా అమ్మా, నీ వాగుని సూద్దువు గాని," అంటూ లోవకుమారి ఆమెని నా ఎదటికి నడిపించి, అక్కడే ఆగిపోయింది. నేను తళతళలాడుతున్నాను. లోపలంతా ఎండుగడ్డి రంగు.

నాగాయమ్మ అద్దానికి ముఖం ఆనించి చూసింది. "ఇక్కడా పోయిందా," అని మాత్రం అంది. వెళ్ళి గోడకేసి తిరిగి కూర్చుంది.

"ఏం జేశారండీ!" అంది లోవకుమారి. గవర్రాజు తుండు నలుపుతూ, "చెమ్మ పట్టిందే... రోజూ తుడిచాను," అన్నాడు. ఆమెకి మూలనున్న మూట కనిపించింది. అతని ముఖమూ కనిపించింది. వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఇంకోసారి తెద్దామంటే చింతలగొంది మీద అప్పటికే నీళ్ళు. ఆ దుఃఖం నేను చెప్పలేను.

మర్నాడు ఆమె నాలోంచి మట్టి తవ్వి పారబోయడానికి తట్ట తెచ్చింది. నన్ను పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానంది. పెంకుల కింద కప్ప ఉలిక్కిపడింది. నా ప్రాణం కూడా అరచేతిలోకి వచ్చింది. గవర్రాజు తట్ట పట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

"తొలకరి దాకా ఉండనీ లోవా. నీకు దణ్ణం పెడతాను. ఏం చెయ్యాలో చెప్పు, నేనే చేత్తాను."

"ఏం చెయ్యకండి. తుడవకండి, అంతే."

సున్నం మూట తీసేశాడు. తలుపులు మూశాడు. ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద చల్లే సీసాతో పూటపూటా నీళ్ళు కొట్టాడు, మోటారు వేశాడు. అద్దాల మీద చెమ్మ కమ్ముకుంటుంటే అతని చేతులు ఊరికే ఉండేవి కావు. తుండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవి. ఆ చేతుల్ని కట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి, అతని మీద నా కోపం అక్కడే పోయింది.

మద్ది వేరు పక్కన మొదట పచ్చటి మరక లాంటిది కనిపించింది. తరువాత గుండుసూది తలకాయంత ఆకు. గవర్రాజు కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, ఎవరికీ చెప్పలేదు. నమ్మకం చాలలేదేమో.

జ్యేష్ఠం చివర్లో ఒక సాయంత్రం గోదావరి మీంచి వాన దిగింది. ట్యూబులైటు ఆరి వెలిగింది. కింద వీధిలోంచి మట్టి వాసన లేచింది. నా మట్టి కూడా కదిలింది. కురచ మూల నుంచి చిట్టి కప్ప పైకి వచ్చి, కొత్త ఆకు కింద కూర్చుని, గొంతు ఉబ్బించి అరిచింది. అంత చిన్న ఒంటిలో అంత పెద్ద గొంతు ఎక్కడ దాచుకుందో! నా అద్దాలు సన్నగా మోగాయి.

గోడకేసి తిరిగి ఉన్న నాగాయమ్మ మెల్లగా ఇటు తిరిగింది. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. లోవకుమారి ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. కప్ప మళ్ళీ అరిచింది. ముసలామె గోడ పట్టుకుని లేచి, వరండాలోకి నడిచి, వానకెదురుగా నిలబడి, ఆ వీధి అదిరేలా కేకేసింది.

"కప్ప పిలిచింది! ఇత్తనాలు నానెయ్యండర్రా!"

ఎదురింటి కిటికీలోంచి ఎవరో తొంగి చూశారు. ఆ వీధిలో ఒక్కరికీ పొలం లేదు. లోవకుమారి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాగాయమ్మ చంకలోని ఆనపబుర్ర మూతి విప్పింది. మందులు కావు. చింతలగొంది వడ్లు.

గవర్రాజు లోపలికి వెళ్ళి, అటక మీంచి పాకం బేసిను దింపుకొచ్చాడు. ఆ బేసినులో ఒక్క నీటిబొట్టు ఎక్కువైనా వాళ్ళ నాన్న ఊరుకునేవాడు కాదు. దాన్ని అత్తగారి ముందు పెట్టి, వడ్లు అందులో పోయించి, బిందె ఎత్తి పట్టుకున్నాడు.

"నీళ్ళెంత పొయ్యమంటారత్తయ్యగారూ?"

"మునిగేదాకా పొయ్యి బాబూ," అంది నాగాయమ్మ.

పోశాడు. ఆ రాత్రి ఆమె అన్నం అడిగి తింది. ఇప్పుడు డాబా మీద పాత నూనె డబ్బాల్లో చింతలగొంది వరి మోకాలెత్తు ఉంది. తెల్లారి గవర్రాజు అలవాటు కొద్దీ తుండు పట్టుకుని నా దగ్గరికి వస్తాడు. అద్దాల నిండా చెమ్మ. కాసేపు చూసి, తుండు భుజాన వేసుకుని, అత్తగారికి కాఫీ తీసుకెళతాడు.