గీతలత్త పుస్తకం పిల్లలది కాదు

ఆమెకు నలభై నాలుగేళ్ళొచ్చినా ఇంటా బయటా అందరికీ ‘గీతలే’. చిన్నప్పుడు గోడ కనబడితే చాలు, బొగ్గుముక్కతో గీసి పారేసేదట. ఆ పేరు అలా అతుక్కుపోయింది. ఇప్పుడు ఆ గీతలే ఆమెకు తిండి పెడుతున్నాయి. పెద్దవాళ్ళు చదివే బొమ్మల కథలు గీస్తుంది. కిందటేడు వచ్చిన పుస్తకం పేరు ‘గొళ్ళెం’. తనను కొట్టిన మొగుణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టి, మళ్ళీ తనే తలుపు తీసి రానిచ్చిన ఒకామె కథ. అందులో రక్తం ఉంది, పడకగది ఉంది, ఏదీ దాచకుండా గీసింది. అట్ట మీద ‘పెద్దలకు మాత్రమే’ అని కొట్టొచ్చినట్టు వెయ్యమని పట్టుబట్టింది. పబ్లిషరు వేశాడు. ఎక్కడ? వెనక అట్ట మీద, ఓ మూల, చీమ తలకాయంత.

ఆదివారమైతే చాలు రంగుల డబ్బాతో పరుగెత్తుకొచ్చే ఏడో క్లాసు మేనకోడలు కొన్నాళ్ళుగా రావడం మానేసింది. ఏమైందోనని గీతలు ఆరా తీసేలోపే వదిన ఫోన్ చేసింది.

“నీ మేనకోడలు వాళ్ళ నాన్నని చూస్తే బిగుసుకుపోతోంది. ఆయన గొంతు కాస్త పెరిగితే చాలు, గోడకి అతుక్కుంటోంది. పరుపు కింద ఏం దొరికిందో తెలుసా? నీ పుస్తకం.”

అన్నయ్య ఎలాంటివాడో గీతలుకి తెలుసు. బొద్దింకని కూడా చీపురుతో మెల్లగా బయటికి తోసే మనిషి.

“దానికెక్కడిది వదినా?”

“బడి ఎదురుగా కొట్లో కొన్నదట. క్లాసులో సగం మంది దగ్గరుందట.”

మర్నాడు మధ్యాహ్నం బడి వదిలే వేళకి గీతలు ఆ కొట్టు ముందు నిలబడింది. పెన్సిళ్ళు, రబ్బర్లు, చాక్లెట్ల సీసాలు. యూనిఫారాల్లో పిల్లలు మూగారు. ఒకడు కళ్ళతో ఏదో సైగ చేశాడు. కొట్టువాడు బల్ల కిందనుంచి ‘గొళ్ళెం’ తీసి, అట్లాసు మధ్యలో పెట్టి, కన్ను కొట్టి మరీ అందించాడు. అంత ఒడుపుగా మందులషాపువాళ్ళు కూడా పొట్లం కట్టరు.

పిల్లలు వెళ్ళాక గీతలు అడిగింది. “ఏమయ్యా, ఆ పిల్లాడికెన్నేళ్ళుంటాయి?”

“వయసు నాకెందుకు మేడం? నేనేమన్నా సంబంధాలు చూస్తున్నానా?”

“పుస్తకం వెనకాల రాసుంది, చూడలేదా?”

“అది చూసేగా కొంటున్నారు!” అని పళ్ళికిలించాడు. “మీకూ ఒకటిమ్మంటారా?”

ఆ పుస్తకం గీసింది తనేనని చెప్పడానికి కూడా గీతలుకి అసహ్యమేసింది. అక్కణ్ణుంచి తిన్నగా పబ్లిషరు దగ్గరికెళ్ళింది.

పబ్లిషరు అద్దాల గదిలో, గిర్రున తిరిగే కుర్చీలో కూచుని ఉపన్యాసం వల్లె వేస్తున్నాడు. ఎవరో కౌన్సిలరు ఊళ్ళో బొమ్మల కథల పుస్తకాలన్నీ నిషేధించాలని పట్టుబట్టాడు. మర్నాడే మునిసిపాలిటీ హాల్లో విచారణ.

“సమయానికొచ్చావు! రేపు నువ్వు నా పక్కనే కూచోవాలి. మనం స్వేచ్ఛ కోసం పోరాడుతున్నాం,” అన్నాడు.

“కొట్లవాళ్ళు పిల్లలకి అమ్ముతున్నారండీ. మా ఇంటి పిల్లే చదివి హడలిపోయింది.”

“అయితే ఏమిటి? పిల్లలు మాత్రం పాఠకులు కారా? కళకి వయసేమిటమ్మా?”

“మీ అబ్బాయికెన్నేళ్ళు?”

“పదకొండు.”

“వాడు చదివాడా?”

“ఛ ఛ, వాడికెందుకిస్తాం!” అనేసి మళ్ళీ ఉపన్యాసంలో పడ్డాడు. తనేమన్నాడో తన చెవికే ఎక్కలేదు. గీతలు ఒక్క క్షణం ఆ మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళూ ఈ మనిషిని చదువుకున్నవాడనుకుంది.

విచారణ రోజు హాలు కిటకిటలాడింది. కౌన్సిలరు ‘గొళ్ళెం’ని, చచ్చిన ఎలకని తోక పట్టుకున్నట్టు, రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు. పుస్తకం నిండా పసుపుపచ్చ చీటీలు. కథేమిటో చెప్పమంటే నీళ్ళు నములుతాడు గాని, పడకగది ఏ పేజీలో ఉందో మాత్రం తడుముకోకుండా తీసి చూపించాడు. ఈ పుస్తకమే కాదు, కుందేళ్ళ బొమ్మల పుస్తకాలు కూడా పిల్లల్ని సోమరులుగా చేస్తాయి కాబట్టి అన్నీ ఎత్తెయ్యాలన్నాడు. తర్వాత పబ్లిషరు లేచి స్వేచ్ఛ గురించి గొంతు వణికించాడు. జేబురుమాలు కూడా తీశాడు. ఆ తర్వాత కొట్టువాడు చేతులు కట్టుకుని, “పిల్లలకి అమ్మితే నా కళ్ళు పోతాయండీ,” అన్నాడు.

గీతలు ఇక ఆగలేకపోయింది. లేచి నిలబడింది.

“అబద్ధం. నిన్న నా కళ్ళముందే అమ్మాడు. ఆ పుస్తకం గీసింది నేను. అది పిల్లలకి అమ్మకూడదు.”

హాలు హోరెత్తింది. పబ్లిషరు మొహం మాడిపోయింది. కౌన్సిలరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. “విన్నారా! గీసినావిడే చెడ్డ పుస్తకమని ఒప్పుకుంది!”

“చెవుల్లో దూది పెట్టుకున్నారా? చెడ్డదని నేనెప్పుడన్నాను? దెబ్బలు తిన్న ఆడవాళ్ళు నాకు ఫోన్ చేసి ఏడ్చారు. వాళ్ళకి అందకుండా చెయ్యాలని మీరు చూస్తున్నారు. ఏడో క్లాసు పిల్లకి అంటగట్టాలని ఈ పబ్లిషరు చూస్తున్నాడు. పెద్దవాళ్ళది పెద్దవాళ్ళకి, పిల్లలది పిల్లలకి. ఇంత చిన్న ముక్క మీ ఇద్దరి బుర్రలకీ ఎందుకెక్కదు?”

అధ్యక్షస్థానంలో ఒక పెద్దావిడ కూచుని ఉంది. “నేను మొత్తం చదివాను,” అంది నెమ్మదిగా. “ఏం చేద్దామంటావమ్మా?”

“సీలు వేసిన కవర్లో అమ్మాలి. పిల్లలకి అందని అరలో ఉండాలి. వయసు అడగాలి. పిల్లలకి అమ్మినవాడి లైసెన్సు తీసెయ్యాలి. అంతే. కుందేళ్ళ జోలికి పోవద్దు.”

రూలు అచ్చంగా అలాగే వచ్చింది. వచ్చిన వారంలోనే కొట్టువాడు మళ్ళీ అట్లాసులో పెట్టి అమ్ముతూ దొరికిపోయాడు, కొట్టు మూసేశారు. కౌన్సిలరు మాత్రం అది తన విజయమేనని, చిత్రకారిణి పశ్చాత్తాపపడిందని కరపత్రాలు పంచాడు. గీతలు ఒకటి చదివి, దాంతో కుంచెలు తుడుచుకుంది.

పబ్లిషరు ఫోన్ చేశాడు. అలిగి ఉంటాడనుకుంది. ఆయన గొంతులో తేనె కారుతోంది.

“సీలు కవరు అనేసరికి గిరాకీ ఆకాశాన్నంటింది! భలే ఎత్తు వేశావమ్మా. రెండో భాగం ఎప్పుడిస్తావు?”

“మీకా? చుక్క కూడా పెట్టను,” అని పెట్టేసింది. తను ఎత్తు వేసిందట! ఆయన బతుకంతా ఎత్తులే కాబట్టి ఎదుటివాళ్ళు నిజం మాట్లాడినా అలాగే వినబడుతుంది కాబోలు.

అందరికీ చెప్పాల్సింది చెప్పాక, చెప్పడానికి ఇంకొక్కరే మిగిలారు. గీతలు అన్నయ్య ఇంటికి వెళ్ళింది. అన్నయ్య వరండాలో కూచున్నాడు. తిడితే బావుండుననుకుంది. ఆయన తిట్టలేదు.

“అది నన్ను చూసి భయపడుతోందే,” అన్నాడు. పెరటివైపు చూపించాడు.

మేనకోడలు పెరట్లో మెట్టు మీద కూచుని ఉంది. గీతలు పక్కన కూచుంది. పిల్లే ముందు అడిగింది.

“గీతలత్తా, ఆవిడ మళ్ళీ ఎందుకు రానిచ్చింది?”

హాల్లో అంతమందిని కడిగేసిన గీతలు ఇక్కడ మెల్లగా అంది. “అది గియ్యడానికే నాకు చాలా ఏళ్ళు పట్టిందే. నీకిప్పుడు చెప్పినా అందదు.”

“నాన్న కూడా ఎప్పుడైనా...”

“లేదు. మీ నాన్నని నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా. ఆ కథలో మనిషి మీ నాన్న కాదు.”

“మరి వేరే ఇళ్ళల్లో నిజంగా అలా ఉంటుందా?”

“కొన్నిట్లో ఉంటుంది,” అంది గీతలు. పిల్లకి అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

పిల్ల ఆలోచించింది. “పెద్దయ్యాక మళ్ళీ చదవనా?”

“చదువు. అప్పుడు నన్ను తిట్టాలనిపిస్తే వచ్చి తిట్టు.”

పిల్ల నవ్వలేదు. కాని సాయంత్రం తన సైకిలుకి వాళ్ళ నాన్న గాలి కొడతానంటే వద్దనలేదు. పంపు తనే తెచ్చి ఆయన పక్కన పెట్టి, కాస్త ఎడంగా నిలబడింది.