నిశ్శబ్దంలో ఈల

పెద్దమ్మ నాలుగు నెలలపాటు ఒకటే మాట చెప్పింది, ఎవరూ మాట్లాడనప్పుడు చెవి మిషన్ సన్నగా ఈల వేస్తోందని. అందులో రొదను వడగట్టే ఫిల్టర్ ప్రోగ్రాం రాసింది నేనే. కాబట్టి అన్నీ నాకే తెలుసు కదా, అదంతా నీ భ్రమ అన్నాను. పోయిన వారం ఆమె దాన్ని తీసి సొరుగులో పడేసింది. నాకు ఒళ్లు మండింది.

ఆమెదే తప్పని తేల్చేద్దామని ఇవాళ ఆఫీసులో ఫిల్టర్‌లోకి కాసేపు మాటలు పంపి, ఆపేసి, తర్వాత వరసగా సున్నాలు, అంటే నిశ్శబ్దం, పంపాను. బయటికొచ్చే అంకెలు తగ్గుతూ తగ్గుతూ సున్నా కావాలి. కాలేదు. చిప్ చవగ్గా రావాలని మా మేనేజర్ అంకెల పొడవు కోయించాడు. దాంతో ప్రతి లెక్కలోనూ మిగిలే భిన్నాన్ని దగ్గరి అంకెకి సర్దాల్సి వస్తోంది. ఆగిపోవాల్సిన శబ్దాన్ని ఆ సర్దుబాటే మళ్లీ మళ్లీ లేపుతోంది. మా పరీక్షలన్నీ మాటల రికార్డు పెట్టి చేసేవే. ఏమీ పెట్టకుండా ఒకసారి వినాలని ఇంతమంది మేధావుల్లో ఒక్కరికీ తట్టలేదు.

మేనేజర్‌ని మేం చాటుగా సర్దుబాటు సారు అంటాం. రేపు వెయ్యి మిషన్లు బయటికి వెళ్లాలి, నా సంతకమే ఆలస్యం. ఈల సంగతి చెప్పి సంతకం పెట్టనంటే, ఆఖరి అంకెలో తేడాకి గోరంతలు కొండంతలు చేస్తున్నావన్నాడు. ముసలివాళ్ల చెవుల్లో ఎలాగూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుందట. ఆ మాటతో నా సహనం చచ్చింది.

ఒక్క నిమిషం వినమని పరీక్ష గదిలో కూర్చోబెట్టాను. చెవిలో మిషన్ పెట్టి, ఫ్యాన్ ఆపి, తలుపు మూశాను. నిమిషం కాకముందే ఆయన చెయ్యి చెవి మీదికి వెళ్లింది.

"ఉంచుకోండి సార్. మా పెద్దమ్మ నాలుగు నెలలు ఉంచుకుంది."

ఆయన దాన్ని పీకి బల్ల మీద పెట్టాడు. నా మొహం చూడకుండానే, మిషన్లు పంపొద్దని ఫోన్ చేశాడు. అయినా నా కోపం చల్లారలేదు. ఆయన విన్నది నిమిషమైనా కాలేదు, ఒప్పుకున్నాడు. నేను పెద్దమ్మ మాట ఒక్కరోజు కూడా చెవిన పెట్టలేదు.

ఇంటికెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. మిషన్ లేదు కదా, పెద్దమ్మ ఏంటన్నట్టు చూసింది. గొంతు పెంచి మళ్లీ చెప్పాను. మూడోసారి అరిచేసరికి పక్కింటివాళ్లు కిటికీ తెరిచారు.

"రెండోసారికే వినబడింది," అంది పెద్దమ్మ. "నేను నాలుగు నెలలు చెప్పాను. నువ్వింకా మూడుసార్లే చెప్పావు."