సొట్ట నోరు విప్పే ముందు

ఆమె ఇంతవరకూ పైకి అనని మాట ఒకటుంది. ఆ తెల్ల కారు గోడను గుద్దలేదని తెలిసే, గుద్దిందని బీమా ఫారంలో రాసింది. కారు ముందు దీపం అంచుకి పసుపు చీర పోగులు చుట్టుకుని ఉన్నాయి. గోడలు చీరలు కట్టవు. ఆ పోగుల్ని తనే గోటితో గీకి, ఊది పారేసింది.

షెడ్డులో అందరూ ఆమెను డిక్షనరీ అంటారు. చదువు పదో తరగతితో ఆగింది. అట్ట ఊడిన నిఘంటువు ముందేసుకుని ఇంగ్లీషు తనకు తనే నేర్చుకుంది. బాబాయి బండ్ల సొట్టలు తీస్తాడు, ఆమె పక్కన కూర్చుని బీమా ఫారాలు నింపుతుంది. ఏ ఫారం చూసినా ఒకటే మాట: హిట్. మీ బండి దేన్ని హిట్ చేసింది? నిఘంటువులో దానికి రెండు నిలువు వరసల అర్థాలు. బంతిని కొట్టినా హిట్టే, సినిమా ఆడినా హిట్టే, ఉన్నట్టుండి బుర్రకి ఏదైనా తట్టినా హిట్టే.

"సినిమా హిట్టయితే జనం ఎగబడతారు, మనిషి హిట్టయితే జనం మాయమైపోతారు. రెంటికీ ఒకే మాటేంటే?" అనేవాడు పెయింటరు.

"రాసినవాణ్ణి అడుగు," అనేది.

షెడ్డులో ఒక పద్ధతుంది. దెబ్బ తగిలినప్పుడు రేకు మింగిన చప్పుళ్ళన్నీ మొదటి సుత్తి దెబ్బకి బయటికొస్తాయి: బ్రేకు కీచు, తిట్లు, ఎవరిదో కేక. ఒక్కో సొట్టకి ఒక్కసారే. ఆ తర్వాత రేకు ఏమీ ఎరగనట్టు ఉంటుంది. పరాయివాళ్ళ గుట్టు మనకెందుకని, సుత్తి ఎత్తే ముందు బాబాయి రేడియో గట్టిగా పెడతాడు. దెబ్బ తిన్న మనిషి ఎదురుగా ఉండి వింటే మాత్రం ఆ మాట పోలీసు స్టేషనులో సాక్ష్యంగా రాసుకుంటారు. వాళ్ళని షెడ్డుకి పిలిచేవాళ్ళే ఉండరు.

మూడు వారాల కింద సందు మొగలో టైలరమ్మ పసుపు చీరలో పడి కనిపించింది, కాలు విరిగి. తలకీ దెబ్బ తగిలి ఆవిడకేమీ గుర్తులేదు. కొట్టు మెట్టు తప్పి పడిందని ఊరంతా తేల్చేసింది. ఆ మర్నాడే తెల్ల కారు షెడ్డుకొచ్చింది.

ఇవాళ పొద్దున కుట్టించుకున్న బట్టలు తెచ్చుకోడానికి వెళితే టైలరమ్మ మిషను మీద చెయ్యేసి కూర్చునుంది.

"రేపొచ్చి దీన్ని పట్టుకుపోతారే. అమ్మేశా. చూసుకోకుండా పడ్డాను కదా, నా కాళ్ళ మీద నాకే నమ్మకం పోయింది."

ఆమె కుట్టుకూలి మిషను మీద పెట్టి, బట్టలు చంకన పెట్టుకుని వచ్చేసింది.

షెడ్డుకొచ్చేసరికి బాబాయి తెల్ల కారు ముందున్నాడు. బీమా మంజూరైంది. రేడియో గట్టిగా పెట్టి సుత్తి తీశాడు. ఆమె వెళ్ళి రేడియో కట్టేసింది.

"ఏంటే?"

"కొట్టు బాబాయ్. విందాం."

"కాంట్రాక్టరు గారి బండే అది! ఆయన లేకపోతే మన పొయ్యి వెలగదు."

"తెలుసు. కొట్టు."

బాబాయి విసుగ్గా దీపం పక్కనున్న చిన్న సొట్ట మీద ఒక్కటేశాడు. రేకులోంచి కాంట్రాక్టరు గొంతు రొప్పుతూ వచ్చింది: "ఎవరూ చూళ్ళేదు డ్రైవరూ, పోనీ, పోనీ!"

పెయింటరు చేతిలో బ్రష్షు ఆగిపోయింది. బాబాయి దాన్నీ కొట్టేసి గుట్టు ముగించేద్దామని గబగబా బానెట్టు మీది పెద్ద సొట్ట వైపు తిరిగాడు. ఆమె ఒక్క గెంతులో ఎక్కి దాని మీద కూర్చుంది.

"దిగవే!"

"దిగను."

"ఫారం రాసింది నువ్వే. నువ్వూ ఇరుక్కుంటావ్."

"ఇరుక్కోనీ. గోడ అని రాసింది నా చెయ్యేనని టైలరమ్మ మొహం మీదే చెప్తా."

"రేపట్నించి ఈ గుమ్మం తొక్కకు!"

"తొక్కను. ఇవాళ మాత్రం దిగను."

బాబాయి సుత్తి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. పెయింటరు లోపల్నించి కుర్చీ ఒకటి తెచ్చి, రంగు మరకలు గుడ్డతో తుడిచి, కారుకి ఎదురుగా వేశాడు.

"కాలు బాగాలేని మనిషి. నిలబడ్డం కష్టం కదా," అన్నాడు.

మూడు వారాలుగా ఆమె వేలు టైలరమ్మ నంబరు దాకా వెళ్ళి వెనక్కొస్తూనే ఉంది. కింద బానెట్టు చల్లగా, ఊపిరి బిగబట్టినట్టు ఉంది. మొదట ఏమనాలో ఆమెకిప్పుడు తెలుసు. నువ్వు పడలేదక్కా. ఆటో ఎక్కి వచ్చెయ్.

ఫోన్ తీసింది.