నట్టు మీద ఎర్రగీత

ఆవిడ చేతులు ఊరికే ఉండలేవు. ఆవిడ జబ్బల్లా అదే. కొడుకింటికి వచ్చిన వారంలోనే షెడ్డులో చిందరవందరగా పడున్న పానాలన్నిటినీ చిన్నాపెద్దా వరసలో పేర్చింది. నూనె గుడ్డలు ఉతికి ఆరేసింది. పారేయాల్సిన పాత ప్లగ్గుల్ని ఇత్తడి గిన్నెల్లా తళతళలాడేట్టు తోమిపెట్టింది. కోడలు చూసింది గానీ ఏమీ అనలేదు. ఆ పిల్ల మాటల్లో మహా పొదుపు.

షెడ్డు కోడలిదే. బండ్ల కింద దూరి పనిచేసేది తను, బండి నడిపి బాడుగలు చేసేది మొగుడు. "ఇంట్లో మేస్త్రి మా ఆవిడ, నేను చేతికింద మనిషిని" అంటాడు వాడు, అదేదో బిరుదైనట్టు.

ఆ పొద్దున పని సొంత పికప్‌కే. దాని వెనక ట్రైలర్ తగిలించుకునే కొక్కెం బిగించాలి. కాంక్రీటు కలిపే యంత్రం ఒకటి కొన్నారు. దాన్ని ట్రైలర్ మీద ఎక్కించి, కొండ దిగువన కడుతున్న బడి దగ్గరికి చేర్చాలి. మొదటి బాడుగ. కొడుకు ట్రైలర్ తేవడానికి వెళ్ళాడు. కోడలు బండి వెనక భాగాన్ని జాకీతో ఎత్తి, కింద అట్టపెట్టె పరుచుకుని వెల్లకిలా పడుకుంది.

కొక్కెమంటే చిన్న వస్తువేం కాదు. బండి వెడల్పునా అడ్డంగా ఒక లావుపాటి ఇనప కమ్మీ, దాని మధ్యన ట్రైలర్ మూతి కూర్చునే ఇనప గుండు. ఆ కమ్మీ మొత్తం బండి చట్రానికి ఇటు మూడు, అటు మూడు బోల్టుల మీద వేలాడుతుంది. కోడలు ముందు నట్లన్నీ వేళ్ళతో తిప్పి నిలబెట్టింది. తర్వాత పొడుగు పానా అందుకుంది. బిగువు సరిపోగానే టక్కుమనే పానా అది. టక్కుమన్న ప్రతిసారీ పక్కనున్న గోళ్ళరంగు సీసా తీసి, నట్టు మీంచి చట్రం మీదకి ఒక ఎర్రగీత గీసింది.

"ఇనపముక్కలకి కూడా సింగారమేనా అమ్మాయ్?" అంది అత్తగారు స్టూలు మీంచి.

"సింగారమే అత్తయ్యా" అంది కిందనుంచి గొంతు.

ఎడమవైపు మూడూ అయ్యేసరికి రోడ్డు మీద గోల మొదలైంది. ఎవరిదో కారు బ్యాటరీ చచ్చి దారికి అడ్డంగా ఆగిపోయింది. వెనకున్న వాళ్ళంతా హారన్లు. కోడలు చేతులు తుడుచుకుంటూ పరిగెత్తింది.

ఆవిడ లేచి వెళ్ళి బండి వెనక తల వంచి చూసింది. ఎడమవైపు మూడు నట్లకీ గీతలున్నాయి, కుడివైపు బోసిగా ఉన్నాయి. ఒక కంటికి కాటుక పెట్టి రెండో కన్ను మర్చిపోయినట్టుంది. చూడలేకపోయింది. మోకాళ్ళు మొరాయిస్తున్నా అట్ట మీద చేరి, సీసా తీసి, ఆ మూడింటికీ గీతలు గీసింది. కోడలి గీతల కంటే తిన్నగా వచ్చాయి కూడా. 'తనే గమనిస్తుందిలే, అప్పుడు చెప్పొచ్చు' అనుకుని మళ్ళీ స్టూలెక్కి కూర్చుంది.

కోడలు తిరిగొచ్చేసరికి కొడుకు ట్రైలర్‌తో దిగాడు. "మేస్త్రీ, ఇంకెంతసేపు? అక్కడ వాళ్ళు ఇసకా కంకరా ముందేసుకుని కూర్చున్నారు!" కోడలు వంగి టార్చి వేసింది. అన్నిటికీ గీతలున్నాయి. "అయిపోయినట్టుందే" అని గొణుక్కుని జాకీ దించేసింది. ట్రైలర్ మూతి గుండు మీద కూర్చుంది, గొలుసులు తగిలాయి, బండి వెళ్ళిపోయింది. కోడలు గమనించనే లేదని ఆవిడకి కాస్త చిన్నతనమనిపించింది.

బండి అటు మలుపు తిరిగిందో లేదో, టీ పోసుకుంటుండగా పక్కకొట్టు తాళాలాయన వచ్చాడు. పనిలేకుండా పది మాటలాడే మనిషి. "ఏమ్మా, బండికి పెళ్ళి కుదిరిందా? గోళ్ళరంగు పూసి మరీ పంపావు!"

"అది సోకు కాదు బాబాయ్, సాక్షి" అంది కోడలు. "పానా టక్కుమన్న నట్టుకే గీత వేస్తాను. గీత ఉందంటే బిగించినట్టు. లేదంటే ఉత్త వేళ్ళతో తిప్పి పెట్టినట్టే."

ఆవిడ చేతిలో గ్లాసు అక్కడే ఆగిపోయింది.

ఉత్త వేళ్ళతో. ఆ మూడూ ఉత్త వేళ్ళతో తిప్పినవే. ఎదురుగా రోడ్డు కొండ దిగువకి ఏటవాలుగా జారిపోతోంది. 'తర్వాత బిగించిందేమో. చూసే పంపిందిగా' అని మనసు ఒక పక్క సర్దిచెబుతోంది. చూసింది గీతల్నేనని ఇంకో పక్క తెలుస్తూనే ఉంది. చెబితే ఈ పిల్ల ఏమంటుందో? చెప్పకపోతే?

"అమ్మాయ్... కుడివైపు గీతలు... నేను వేశాను."

కోడలు నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే చచ్చిపోయింది. "మూడూనా?"

"మూడూ."

"గొలుసులున్నాయిగా తల్లీ" అన్నాడు తాళాలాయన.

"గొలుసులు కూడా ఆ కమ్మీకే కదా బాబాయ్ తగిలించింది!" కోడలప్పటికే ఫోన్ నొక్కుతోంది. కొడుకు ఫోన్ మోగింది. షెడ్డులోనే, గోడకి చార్జింగ్ పెట్టి ఉన్నచోట.

తిట్టినా బాగుండేది. ఆ పిల్ల తిట్టలేదు. పానా, నట్ల డబ్బా, గోళ్ళరంగు సీసా ఉన్న సంచీ స్కూటర్ ముందు పడేసి, "ఎక్కండి అత్తయ్యా, మీతో పనుంది" అంది. తాళాలాయన ఆవిడ నెత్తిన హెల్మెట్ బోర్లించాడు. దాని వెనక వైపు ముందుకొచ్చింది. ఎవరికీ నవ్వు రాలేదు.

స్కూటర్ పల్లంలోకి దూకినట్టే దిగింది. ఆవిడ రెండు చేతులతో కోడలి నడుం కరుచుకుంది. ప్రతి మలుపుకీ ముందే కళ్ళు మూసుకుంటోంది, మళ్ళీ చూడకుండా ఉండలేక తెరుస్తోంది. ఒక మలుపులో జనం గుంపుగా కనిపించేసరికి పైప్రాణాలు పైనే పోయాయి. "అయ్యో నాయనా" అని అరిచింది. తీరా చూస్తే బస్సు కోసం నిలబడ్డ వాళ్ళు.

రెండు మలుపుల కింద బండి కనిపించింది. వెనక ట్రైలర్ మూతి కుడిపక్కకి ఒరిగి, కుంటివాడి నడకలా ఊగుతోంది. కమ్మీ ఒక పక్క జారింది.

"హారన్ కొట్టమ్మా!"

"కొడితే ఉలిక్కిపడి బ్రేక్ తొక్కుతాడు. తొక్కితే యంత్రం బరువంతా వచ్చి ఎడమవైపు మూడు బోల్టుల మీదే పడుతుంది." కోడలు స్కూటర్‌ని పక్కకి తిప్పింది. "ముందుకెళ్తాను. మీరు వెనక్కి తిరిగి మెల్లగా ఆగమని చెప్పండి. మెల్లగానే ఆగాలి."

దాటారు. ఆవిడ తల తిప్పింది. అద్దం వెనక కొడుకు మొహం వెలిగిపోయింది. అమ్మ! స్కూటర్ మీద! తిరగేసిన హెల్మెట్‌తో! వాడు చెయ్యి ఊపాడు. లైట్లు ఆర్పి వెలిగించాడు. పైగా పందెం అనుకున్నాడో ఏమో, బండి వేగం పెంచాడు.

వద్దని చెయ్యూపింది. వాడూ ఊపాడు. అరిచింది. గాలి ఎగరేసుకుపోయింది. ముందు ఇంకో మలుపు కనిపిస్తోంది.

ఏం చెయ్యాలో బుర్రకి తోచలేదు గానీ చేతులకి తోచింది. వాడి నాన్న రాత్రిళ్ళు కాపలా ఉద్యోగం చేసి పగలు పడుకునేవాడు. బడి నుంచి పరిగెత్తుకొచ్చే పిల్లాడికి గుమ్మంలోనే ఎదురై, ఒక వేలు పెదాల మీద పెట్టి, రెండో అరచేతిని నేలకేసి మెల్లగా అదిమేది. నాన్న పడుకున్నారు, అడుగులో అడుగేసి రా అని. వాడు ఏళ్ళ తరబడి ఆ సైగకి మాత్రమే లొంగాడు.

దానికి రెండు చేతులూ కావాలి. కోడలి నడుం వదలాలి.

వదిలింది. మోకాళ్ళతో సీటుని నొక్కిపట్టి, మొండెం వెనక్కి తిప్పి, వేలు పెదాల మీద పెట్టుకుంది. రెండో అరచేతిని అదిమింది. మెల్లగా. ఇంకా మెల్లగా.

అద్దం వెనక నవ్వు ఆరిపోయింది. వాడి భుజాలు సర్దుకున్నాయి. బండి ముక్కు దూకుడు తగ్గించింది. గేరు మూలుగు వినిపించింది. ఆవిడ చెయ్యి అదుముతూనే ఉంది, బండి రోడ్డు పక్క కంకరలోకి దిగి, ఉసూరుమని ఆగేదాకా.

కోడలు చక్రాలకి రాళ్ళు పెట్టి కిందకి దూరింది. కుడివైపు ఒక నట్టు లేనే లేదు. ఒకటి బోల్టు చివరి మర పట్టుకుని వేలాడుతోంది. మూడోది వేలితో తోస్తే తిరిగింది. కొడుకు కూడా వంగి చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. కంకర మీద కూలబడ్డాడు.

"నేనేరా" అంది ఆవిడ. "నా చేతులు పడిపోను, నేనే—"

"మీరు గీత గీశారు. నేను గీతనే చూశాను, నట్టుని ముట్టుకోలేదు" అంది కోడలు కిందనుంచి. "ఇద్దరం తర్వాత ఏడుద్దాం అత్తయ్యా. ముందు ఆ పొడుగు పానా ఇవ్వండి."

"ఇస్తాను. కానీ ఆ టక్కు నేను కూడా వింటాను."

కంకరలో మోకాళ్ళూని, హెల్మెట్ తీసి పక్కన పెట్టి, చట్రానికి చెవి ఆనించింది. టక్కు. టక్కు. కొత్త నట్టు మీద ఇంకో టక్కు. చాలక, ఎడమవైపువి కూడా మళ్ళీ వినిపించమంది. కోడలు విసుక్కోకుండా వినిపించింది. పాత గీతలు గోటితో గీకేసి, గోళ్ళరంగు సీసా అత్తగారి చేతిలో పెట్టింది.

"నేనా?"

"మీరే."

గీతలు వంకరటింకరగా పడ్డాయి.

"వానపాముల్లా ఉన్నాయే అమ్మా" అన్నాడు కొడుకు. వాడికి గొంతు రావడం అదే మొదలు.

"నోర్ముయ్యి" అంది కోడలు. "అలాగే ఉండనీ."

బండెక్కమని ఎంత చెప్పినా ఆవిడ ఎక్కలేదు. స్కూటర్ మీదే, బండి వెనకే, ఆ వంకర గీతలున్న చోటు నుంచి చూపు తిప్పకుండా కొండ దిగింది. చేతులు కోడలి నడుం చుట్టూ ఊరికే ఉన్నాయి. ఊరికే అంటే, వణుకుతూ.