బరువుంటేనే వచ్చే మోత

సీతారామపురం నుంచి ఉదయగిరి మీదుగా ఆత్మకూరు పోయే సుజన కారు మోత పెట్టడం మొదలెట్టింది. కాస్త వేగం అందుకుంటే చాలు, కింద నుంచి గూఁ అంటుంది. బ్రేకు తొక్కితే కారు ఎడమకు లాగుతుంది. మోత ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టదు. ముందు సీట్లో కూర్చునే వాళ్ల నాయన వెంగయ్య తన కాళ్ల కిందే అంటాడు. రోజూ ఎక్కే ఆదిశేషమ్మ వెనక కుడివైపు కిటికీ పక్కన కూర్చుని, కాదు, డ్రైవరు దగ్గరే అంటుంది. సుజనకైతే ఒకరోజు ముందు, ఒకరోజు వెనక, ఒక్కోసారి తన తలకాయలోనే మోగుతున్నట్టు ఉంటుంది.

వెంగయ్యకు మూత్రపిండాలు పోయాయి. వారానికి రెండుసార్లు ఆత్మకూరులో డయాలసిస్ చేయించుకోవాలి. ఒక్కసారి తప్పినా కాళ్లు ఉబ్బుతాయి, పడుకుంటే ఊపిరాడదు. బస్సులు వేయండయ్యా అని డిపోలో అడిగితే జనం లేరంటారు. ఉన్నామని రోడ్డు మీద నిలబడి చూపిస్తే దారికి అడ్డమంటారు. ఇక వాళ్లతో పనిలేదని సుజన ఈ పాత కారు కొని, నాయన్ను తీసుకుపోతూ దారిలో జనాన్ని ఎక్కించుకుంటోంది. కారు ఆగితే వెంగయ్యకు వైద్యం ఆగుతుంది. ఆపకుండా నడిపితే ఏదో ఒకరోజు చక్రమే ఊడొచ్చు. ఏది చేయాలో ఆమెకు తోచడం లేదు.

మొదట ఉదయగిరిలో పాల్ షెడ్డుకు పోయింది. మా వైపు ఒక మర్యాద ఉంది. షెడ్డు ముందు కారు ఆగిందంటే లోపలున్న వాళ్లంతా దిగిపోవాలి. మెకానిక్ చేతిలో బండి పెట్టి మనం సీట్లలో కూర్చుంటే అతన్ని నమ్మనట్టు. ముసలివాళ్లు, రోగులు కూడా దిగి బల్ల మీద కూర్చుంటారు. పాల్ ఒక్కడే కారు తీసుకుపోయి తిరిగొచ్చి మోతే లేదన్నాడు. అయినా ఎడమకు లాగుతోంది కాబట్టి ముందు ఎడమ చక్రానిదే తప్పని ఆ బేరింగు మార్చాడు. జనం ఎక్కారు, మోత వచ్చింది. మళ్లీ పోతే ముందు బ్రేకు ప్యాడ్లు మార్చాడు. ఆ తర్వాత సస్పెన్షన్లో అరిగిన బుష్షు ఒకటి మార్చాడు. మోత మోతలాగే ఉంది.

"నీ చెవులు చూపించుకో సుజనా," అన్నాడు పాల్ చివరికి. "ఇద్దరం ఒకే చర్చికి పోతాం. నీతో అబద్ధం చెప్తానా?"

చెప్పడు, నిజమే. ఆమె కూడా ఒంటరిగా నడిపి చూసింది. చప్పుడే లేదు. ఇంటికొచ్చి చెవిలో వేలు పెట్టి తిప్పుకుంది.

మళ్లీ డయాలసిస్ రోజు వచ్చింది. ఆత్మకూరు దగ్గరపడేసరికి మోత పెద్దదై, వెనక కూర్చున్న వాళ్ల కాళ్ల కింద రేకు వణికింది. ఊరి మొదట్లో పెంచలనరసయ్య షెడ్డు కనబడితే సుజన ఆపేసింది. ఆసుపత్రిలో వెంగయ్య వంతు దగ్గరపడుతోంది. మామూలుగానే అంతా దిగారు. నరసయ్య ఒక్కడే తీసుకుపోయి వచ్చాడు. ఏమీ లేదన్నాడు.

సుజన బల్ల మీద కూర్చున్న జనాన్ని చూసింది, కారును చూసింది. ఇందాక కిందికి కూలబడి వచ్చిన వెనక భాగం ఇప్పుడు పైకి లేచి ఉంది.

"అందరూ ఎక్కండి," అంది.

"ఆయన బండి చూస్తా ఉంటే మేమెక్కి కూర్చునేదేంది?" అంది ఆదిశేషమ్మ. "మర్యాద ఉండాదా లేదా?"

"మర్యాద కోసరం చచ్చిపోదామా పెద్దమ్మా? ఎక్కు." తండ్రి వైపు తిరిగింది. "నాయనా, నువ్వు ఆటోలో పో. నీ వంతు పోతాది."

వెంగయ్య అప్పటికే తలుపు తీసి కూర్చుంటున్నాడు. "నా బరువు తగ్గితే మోత రాదేమో. పోనీ," అన్నాడు.

కిక్కిరిసిన కారును నరసయ్య ఖాళీ రోడ్డు మీదికి తిప్పాడు. కాసేపటికే గూఁ అంది. అతను కనుబొమ్మలు ముడిచి స్టీరింగును ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు, మళ్లీ ఎడమకు తిప్పాడు.

"ఎడమకు తిప్పితే పెరుగుతా ఉండాది. బరువు కుడి మీద పడినప్పుడు అరుస్తాది. ముందుది కాదిది, వెనక కుడి."

షెడ్డులో ఆ చక్రాన్ని పైకెత్తి, ఒక చెయ్యి స్ప్రింగు మీద పెట్టి ఇంకో చేత్తో తిప్పాడు. సుజన చేతినీ అక్కడే పెట్టించాడు. లోపల గులకరాళ్లు దొర్లినట్టుంది. బ్రేకు డ్రమ్ము విప్పితే బేరింగు దగ్గర నుంచి కారిన గ్రీజు బ్రేకు షూలకు పట్టి ఉంది. కుడివైపు బ్రేకు పట్టక జారిపోతుంటే కారు ఎడమకు లాగక ఏం చేస్తుంది? ఇన్నాళ్లూ తన కిందే అరుస్తోందని తెలిసి ఆదిశేషమ్మ అంత దూరం జరిగి నిలబడింది.

వెంగయ్య ఆటోలో పోయేసరికి మంచం వేరేవాళ్లకు ఇచ్చేశారు. నర్సు తిట్టింది. ఆయన మధ్యాహ్నం దాకా గోడకు ఆనుకుని, అందరి తర్వాత సూది వేయించుకున్నాడు. ఆలోపు నరసయ్య కొత్త బేరింగు, షూలు వేసి, ఒక రౌండు కొట్టొచ్చి, ఇక చప్పుడు లేదన్నాడు.

"ఖాళీగా ఉంటే ఎప్పుడొచ్చింది గనక అన్నా?" అంది సుజన.

మళ్లీ ఎక్కించి చూద్దామంటే పొద్దున వచ్చిన వాళ్లంతా ఎవరి దారిన వాళ్లు పోయారు. డయాలసిస్ అయ్యాక సుజన నాయన్ను ముందు కూర్చోబెట్టి కారును బస్టాండు ముందు ఆపింది.

"ఉదయగిరి, ఉదయగిరి! ఊరికే ఎక్కండి, డబ్బుల్లేవు."

ఎక్కబోయిన వాళ్లు కూడా వెనక్కి తగ్గారు. ఒకాయన దగ్గరికొచ్చి మెల్లగా, "ఏ పార్టీ మా?" అని అడిగాడు.

"పార్టీ లేదు. నాకు బరువు కావాల."

అది విని ఇంకో ఇద్దరు తగ్గారు. చివరికి సంగం ఊరి నుంచి వస్తున్న కుటుంబం ఒకటి బియ్యం మూటలతో ఎక్కింది. అందరిలో లావుపాటామెను వెనక కుడివైపే కూర్చోమని సుజన పట్టుబట్టింది. ఎందుకని ఆమె అడిగితే గాలి బాగా వస్తుందని చెప్పింది.

ఊరు దాటి రోడ్డు ఖాళీ అయ్యాక కారు వేగం అందుకుంది. సుజన స్టీరింగును ఎడమకు తిప్పింది. వెనక జనం ఒకరి మీద ఒకరు పడ్డారు.

"ఏమన్నా వినపడిందా నాయనా?"

"నాకేం వినపడలా. నీకో?"

"నాకూ వినపడలా."

"మాకేం వినపడాల మా?" అంది వెనకనుంచి లావుపాటామె, మూటను గట్టిగా పట్టుకుని.

సుజన మళ్లీ ఎడమకు తిప్పింది.