తక్కువ పడిన నూట ఎనభై అడుగులు

ఒంటిచక్రపు తేరెక్కి, తొడలు లేని సారథిని ముందు కూర్చుండబెట్టుకొని, సెలవన్న మాట ఎరుగక నిత్యమూ నింగిని చుట్టివచ్చే వెలుగుల దొరా! నీ నడక ఒక్క గడియ తప్పితే లోకంలోని గడియారాలన్నీ అబద్ధాలాడినట్లే. నడక మరచిన ఒక గడియారాల పనివాని కథ చెప్పబోతున్నాను. నా నాలుక తడబడకుండా, వినేవారి మనసు చెదరకుండా కాపాడు.

ఆ పనివానికి అరవయ్యేళ్లు. నలభై ఏళ్లుగా ఒకే బల్ల, ఒకే కుర్చీ, కంటికి ఒకే భూతద్దం. కుర్చీ ఆయన ఆకారం దాల్చిందో, ఆయనే కుర్చీ ఆకారం దాల్చాడో బ్రహ్మకైనా తెలియదు. తండ్రి నుంచి ఆయనకు రెండు దక్కాయి. ఒకటి నియమం: జబ్బేమిటో తెలియనిదే మరమేకు తిప్పరాదు. రెండవది వీధి చివరనున్న గడియార స్తంభం. వారానికొకసారి తొంభై ఆరు మెట్లెక్కి దానికి కీ ఇవ్వాలి.

రెండు నెలల కిందట నలభయ్యో మెట్టు మీద ఆయాసంతో కూలబడి, గోడ పట్టుకొని దిగివచ్చాడు. ఆ వారం నుంచి గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ దగ్గర ఆగిపోయింది. వైద్యుడు పరీక్షించి, "గుండె గట్టిదేనండీ. కూర్చొని కూర్చొని ఒళ్లు తుప్పుపట్టింది. రోజూ నడవండి" అన్నాడు. ఆయన సరేనని ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇంతలో పురపాలక కార్యాలయం నుంచి కబురు వచ్చింది: వచ్చే నెలాఖరులోగా గడియారం నడవకపోతే పాత యంత్రాన్ని పీకి, కరెంటుది పెడతారట. మరొకరిని ఎక్కిద్దామంటే ఆ యంత్రపు మెలకువ తెలిసినవాడు ఊళ్లో లేడు. తండ్రి నూనె పోసిన చక్రాలు పాత ఇనుములో కలుస్తాయన్న తలపుతో ఆయనకు ముద్ద దిగటం లేదు.

అటువంటి రోజున బడిలో వ్యాయామం నేర్పి పదవీ విరమణ చేసిన డ్రిల్లు టీచరమ్మ అంగడి మెట్లెక్కి, అరచేతిలో ఇమిడే గుండ్రని పరికరం ఒకటి బల్ల మీద పెట్టింది.

"తమ్ముడూ, ఇది అడుగుల గడియారం. నడుముకు తగిలించుకుంటే ఎన్నడుగులు వేశామో చెబుతుంది. ముప్పై ఏళ్లు నిజమే చెప్పింది. మోకాలికి దెబ్బ తగిలి మూడు నెలలు మంచాన పడి లేచానా, ఇప్పుడు వెయ్యి వేస్తే ఏడొందలంటోంది. నా కాళ్ల కష్టం మింగేస్తోంది, దొంగమొహంది!"

ఆయన విప్పి చూశాడు. లోపల చిన్న బరువుగుండు ఒకటి, అడుగు అదురుకు ఎగిరి పంటిచక్రాన్ని ఒక్కో పన్ను జరుపుతోంది. దుమ్ము తుడిచి, గోడగడియారపు లోలకానికి కట్టి ఊపించాడు. వెయ్యి ఊపులకు వెయ్యి! మరునాడు ఆ లెక్క చెప్పి గర్వంగా అప్పగించాడు.

సాయంత్రానికే ఆమె తిరిగివచ్చింది. "నీ గోడకు బాగానే చెబుతోందయ్యా. నడిచేది గోడ కాదుగా! నడుముకు కట్టుకొని నడిచి చూశావా?"

"నేనా?"

"కాదు, నీ కుర్చీ!"

పౌరుషం పొడుచుకొచ్చి ఆయన లేచాడు. లెక్కపెట్టుకుంటూ స్తంభం దాకా వెళ్లి, రొప్పుతూ వచ్చేసరికి సరిగ్గా వెయ్యి అడుగులయ్యాయి; చూస్తే ముల్లు ఎనిమిది వందల ఇరవై దగ్గర ఉంది. గోడకు నిజం చెప్పి మనిషికి అబద్ధం చెప్పే యంత్రమా? నూట ఎనభై అడుగులు ఎటు పోయాయి? మరమేకు మీదికి పోయిన చేయి తండ్రి నియమం గుర్తొచ్చి వెనక్కి వచ్చింది.

ఆ వింత ఆయనను వదలలేదు. మరునాడు ఎడమ నడుముకు కట్టి నడిచాడు. ఆ మరునాడు కుడివైపు కట్టాడు. ఒకనాడు మెల్లగా, ఒకనాడు చురుగ్గా, ఒకనాడు మట్టిదారిన.

"వైద్యుడు చెబితే కదలని మనిషి, ముల్లు చెబితే పరిగెడుతున్నాడు" అని భార్య ముక్కున వేలేసుకుంది.

మూడు వారాలయ్యాక అదే వెయ్యి అడుగులకు ముల్లు తొమ్మిది వందల పది చూపింది. ఆయన నివ్వెరపోయాడు.

"ఏమేవ్, దీన్ని నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"నాకెందుకండీ! పెళ్లయిన కొత్తలో అలారం గడియారం ముట్టుకున్నందుకు ఇప్పటికీ దెప్పుతున్నారు." ఆమె ఆయన చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. "అదలా ఉంచి ఇటు చూడండి. కుడిది సమంగా అరిగింది. ఎడమదాని కొస కాగితమైపోయింది. మీరు ఆ కాలు ఎత్తరు, ఈడుస్తారు. వంటింట్లో ఉన్నా మీరొస్తున్నారని ఆ చప్పుడే చెప్పేది నాకు. ఈమధ్య తగ్గింది."

ఆయన చెప్పును భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాడు. ఈడ్చిన కాలికి అదురెక్కడిది? ఎత్తి వేసిన అడుగునే యంత్రం అడుగనుకుంది. ఇన్నాళ్లూ జబ్బు యంత్రానిది కాదు, కట్టుకొన్నవానిది! బాగైనదీ వాడే. అప్పుడు మిగిలినవీ ఒక్కొక్కటే తోచాయి: పట్టకారు పట్టిన చేయి వణకటం లేదు, పడుకోగానే నిద్ర పడుతోంది, వీధి మలుపు దాకా ఊపిరి చాలుతోంది.

వెంటనే టీచరమ్మ ఇంటికి నడిచి వెళ్లాడు. "అక్కయ్యా, మీ చెప్పులు చూపించండి."

"ఏం, ఎత్తుకుపోతావా?"

సంగతి విని, తన చెప్పు కొస చూసుకొని ఆమె పకపక నవ్వింది. "ముప్పై ఏళ్లు పిల్లలమీద 'కాలెత్తు, కాలెత్తు' అని అరిచినదాన్ని, నా కాలు ఎత్తటమే మరిచానా!"

"ఒక్క మెలిక తిప్పితే వెయ్యికి వెయ్యి చూపిస్తుంది. తిప్పమంటారా?"

"తిప్పావంటే వేళ్లు విరుస్తా! వెయ్యి చూపించేదాకా నేనే నడుస్తాను. నెలాఖరున నీ స్తంభం పని అయ్యాక తెచ్చివ్వు."

గడువు నాటి ఉదయం, పరికరం నడుముకు కట్టి ఆయన మెట్లెక్కాడు. నలభయ్యో మెట్టు మీద కాసేపు నిలిచి, ఆనాడు పట్టుకొన్న గోడను ఒకసారి తడిమి, ముందుకు సాగాడు. పైకి చేరేసరికి ఊపిరి వేగంగా ఆడుతోంది గాని, పదిసార్లు పీల్చేసరికి కుదుటపడింది. చక్రాలకు నూనె వేసి, కీ తిప్పి, ముళ్లు సరిచేశాడు. టిక్కుమన్న మొదటి చప్పుడుకు కళ్లు చెమర్చాయి.

కిందికి దిగేముందు పరికరం చూసుకొన్నాడు. తొంభై నాలుగు.

స్తంభం మొదట్లో కాచుకొని ఉన్న భార్య ఆయన మొహం చూసి తేలికపడింది. అంతలో ఆయన ముల్లును సున్నాకు తిప్పి మళ్లీ మెట్లవైపు నడిచాడు.

"ఇప్పుడేగా దిగారు, మళ్లీ ఎక్కడికండీ?"

"రెండు తక్కువొచ్చాయే. ఎక్కడ ఈడ్చానో చూసొస్తా!"

ఈ కథ విన్నవారి కాళ్లకు సత్తువ, ఊపిరికి నిడివి, రాత్రికి చక్కని నిదుర కలుగుగాక! కూర్చున్నవారు లేచెదరు గాక, లేచినవారు నడిచెదరు గాక, నడిచేవారికి వెలుగుల దొర దారి చూపుగాక!